మీ ఊరి చేల పేర్లు, పాత ఆనవాళ్ళు నమోదు చేయడం ఎలా?

"మా ఊరి చరిత్ర రాద్దామనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. అందరికీ చెప్పే జవాబు ఒకటే. చరిత్ర తర్వాత రాద్దురు గాని, ముందు పేర్లు రాసుకోండి. ఊరి పేరొక్కటే కాదు; చేలకీ గట్లకీ కుంటలకీ డొంకలకీ బండలకీ జనం నోట ఉన్న పేర్లు. అవి ఏ రిజిస్టరులోనూ పూర్తిగా లేవు. డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళ నోళ్ళలో ఉన్నాయి. ఆ చేలు ప్లాట్లయితే పేర్లు పోతాయి, ఆ మనుషులు పోయినా పోతాయి.

పేర్ల వెంట నడిస్తే పాత ఆనవాళ్ళు వాటంతటవే కనబడతాయి. అమరావతి మహాస్తూపం మట్టి కింద ఉన్న రోజుల్లో ఊరివాళ్ళు ఆ దిబ్బను దీపాలదిన్నె అనేవారు. భట్టిప్రోలు స్తూపం జనానికి లంజదిబ్బ. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్విస్తే అందులో ధాతుకరండాలు (పవిత్ర అవశేషాలు దాచిన భరిణెలు), వాటి మీద అక్షరాలు బయటపడ్డాయి. తెలంగాణలో రాకాసి గుళ్ళు, పాండవుల గుళ్ళు అనే చోట్ల చాలా మటుకు ఇనుప యుగపు సమాధులు ఉంటాయి. కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. వాటిని అన్నాళ్ళూ గుర్తుపెట్టుకున్నది ఆ చుట్టుపక్కల జనమే.

ఒక్క రెవెన్యూ గ్రామం పెట్టుకోండి, చాలు. మండలం మొత్తం మొదలుపెట్టి పూర్తిచేసినవాళ్ళను నేను చూడలేదు.

కావలసినవి

- కుట్టిన బైండు నోటుపుస్తకం. విడి కాగితాలు వద్దు, గాలికి పోతాయి. పెన్సిలు మేలు, చెమటకీ వానకీ చెరగదు.
- గ్రామ నక్షా, అంటే ఊరి సర్వే పటం. తహసీల్దారు ఆఫీసులో సర్వే విభాగంలో అడగండి. దాంతోపాటు ఆంధ్రలో అడంగల్ (పొలాల సాగు రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం). తెలంగాణలో ఇలాంటివే పహాణీ, టిపన్.
- జీపీఎస్, వాయిస్ రికార్డరు ఉన్న ఫోను. ఛార్జింగుకి పవర్‌బ్యాంకు.
- 30 సెంటీమీటర్ల స్కేలు, కొలత టేపు, మంచి టార్చిలైటు.
- చేతికర్ర, బూట్లు, మంచినీళ్ళు.
- ఊరివాళ్ళలో ఒకరు తోడు. ఇది లేకపోతే పైవన్నీ ఉన్నా పని జరగదు. మీది ఆ ఊరే అయినా సరే, చిన్నప్పుడే పట్నం వెళ్ళిపోయి ఉంటే తోడు తప్పదు.

పార, గునపం, మెటల్ డిటెక్టరు, సుద్దముక్క, సున్నం మాత్రం ఇంట్లోనే వదిలేయండి.

సంక్రాంతి దాటాక, కోతలు అయిపోయి చేలు ఖాళీగా ఉన్న రోజులు ఈ పనికి అనువైనవి. నేల కనబడుతుంది, మనుషులు తీరిగ్గా దొరుకుతారు. దున్నిన చేలో మొదటి వాన పడ్డ మర్నాడు పెంకులు కడిగినట్టు పైకి తేలతాయి. ఆ ఒక్క రోజు మళ్ళీ వెళ్ళిరండి.

1. ముందు కాగితాలు చూడండి

నక్షా మీద సర్వే నంబర్లు, చెరువులు, వాగులు, పొలిమేర ఊళ్ళు ఉంటాయి. పేర్లు తక్కువ. ఉన్న ప్రతి పేరూ పుస్తకంలో ఎక్కించండి. పోరంబోకు అని, బంజరు అని, మాన్యం అని రాసి ఉన్న నంబర్లను విడిగా గుర్తుపెట్టుకోండి. పాత దిబ్బలు, పాడుపడ్డ గుళ్ళు తరచు వాటిల్లోనే మిగిలి ఉంటాయి. మిగతావి దున్నేశారు కదా.

"బేచిరాకు" అన్న మాట కనబడితే ఆగండి. చిరాగ్ అంటే దీపం, బేచిరాగ్ అంటే దీపం లేనిది. రెవెన్యూ లెక్కల్లో పేరుండి, మనుషులు లేని ఊరు. మీ పొలిమేరలో అలాంటిది ఉంటే మీరు వెతుకుతున్నదానికి సగం దారి అక్కడే దొరికినట్టు.

కంపెనీ కాలపు సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ, కావలి సోదరుల వంటి సహాయకులతో ఊరూరా సేకరింపజేసిన కైఫియత్తుల్లో, అంటే ఊళ్ళ వృత్తాంతాల్లో, మీ ఊరిది ఉందేమో చూడండి. చాలా ఊళ్ళవి అచ్చయ్యాయి. ఉంటే అదృష్టమే. అయితే అవి చాలావరకు ఆనాటి కరణాలు, పెద్దలు చెప్పిన మాటలు, రెండు వందల ఏళ్ళ కిందటివి. వాటినీ ఒక మనిషి చెప్పిన మాటగానే తీసుకోండి.

ఆంధ్రలో రీసర్వే అయిన ఊళ్ళకు ఒక హెచ్చరిక. పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాయి. రెండూ రాయండి. ఒక్కటే రాస్తే పాత దస్తావేజుతో మీ జాబితా కలవదు.

2. ఎవరిని అడగాలో తేల్చుకోండి

అందరూ చేసే మొదటి తప్పు సర్పంచి దగ్గరకో, గుడి పూజారి దగ్గరకో, రిటైరైన మాస్టారి దగ్గరకో వెళ్ళి కూర్చోవడం. వాళ్ళు ఊరి పేరు వెనక స్థలపురాణం చెప్తారు. చేల పేర్లు వాళ్ళకు అన్నీ తెలియవు.

గొర్రెల కాపరిని అడగండి. చెరువు నీళ్ళు వదిలే నీరటిని అడగండి. తాళ్ళెక్కే గీతకార్మికుడిని, పాత తలారి ఇంటివాళ్ళను అడగండి. అన్నిటికన్నా ముందు నాట్లకు, కలుపుకు పోయే ఆడవాళ్ళను అడగండి. రేపు ఏ చేలోకి పోవాలో ముఠా అంతటికీ ఒక్క మాటలో చెప్పాలి కాబట్టి వాళ్ళ దగ్గర ప్రతి మడికీ పేరుంటుంది. రైతుకు తన పొలం పేరే తెలుస్తుంది, కూలికి ఊరందరి పొలాల పేర్లూ తెలుస్తాయి.

దళితవాడకు తప్పకుండా వెళ్ళండి. ఒకే చోటికి ఊళ్ళో ఒక పేరు, వాడలో ఇంకో పేరు ఉండటం మామూలే. రెండూ నిజమైన పేర్లే. ఏది "అసలు" పేరో తేల్చడం మీ పని కాదు.

3. నడుస్తూ అడగండి

అరుగు మీద కూర్చుని అడిగితే పది పేర్లు వస్తాయి. అదే మనిషితో డొంక వెంట నడిస్తే నలభై వస్తాయి. చోటు కనబడితే పేరు గుర్తొస్తుంది.

"ఈ ఊరి చరిత్ర చెప్పండి" అనకండి. "నిన్న ఎటు పోయారు పనికి?", "మేకల్ని ఎండాకాలం ఎక్కడ తోలుతావు తాతా?", "ఆ గట్టు దాటితే ఏమంటారు పెద్దమ్మా?" అనండి. జవాబు మీరే అందించకండి. "దీన్ని కోటదిబ్బ అంటారా?" అని అడిగితే మర్యాద కోసం "ఆఁ, అంటారు" అంటారు. "దీన్నేమంటారు?" అని అడిగి ఊరుకోండి. వెంటనే జవాబు రాకపోయినా కంగారుపడకండి. వాళ్ళు ఆలోచించుకుంటున్నారు, మధ్యలో మాట్లాడకండి.

రికార్డు చేసేముందు అడిగి చేయండి. పేరు రాసుకోవద్దంటే వయసు, చేసే పని మాత్రం రాసుకోండి.

4. విన్నది విన్నట్టు రాయండి

ఈ మొత్తం పనిలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. పేరును దిద్దకండి.

నేను దిద్దాను. మా ఊరి పడమట ఒక మెట్టచేను ఉంది. మొదటిసారి రాసుకున్నప్పుడు "జమ్మిచేను" అని రాశాను. జమ్మిచెట్టు ఉండేది కాబోలు, దసరాకు అక్కడ పూజ చేసేవారు కాబోలు అని పక్కనే ఒక వాక్యం కూడా చేర్చాను. రెండేళ్ళ తర్వాత పాత రికార్డింగు మళ్ళీ వింటుంటే పెద్దావిడ గొంతు స్పష్టంగా ఉంది. "జమ్ముచేను." జమ్మి కాదు, జమ్ము. నీళ్ళు నిలిచే చోట మొలిచే గడ్డి. జమ్మి మెట్టలో బతుకుతుంది, జమ్ము బురదలో బతుకుతుంది. ఇప్పుడక్కడ పత్తి వేస్తున్నారు. మర్నాడే వెళ్ళి చేను చుట్టూ నడిచాను. తూర్పు వైపు డొంక అనుకున్నది డొంక కాదు, వంపు తిరిగిన పాత చెరువుకట్ట. లోపలి వైపు రాతి కట్టుబడి రెండు వరసలు ఇంకా ఉంది. ముళ్ళకంప తప్పిస్తే తూము రాయి కూడా కనబడింది. ఒక్క ఇకారం వల్ల చెరువు మొత్తం నా పుస్తకంలోంచి పోయింది.

అందుకని ప్రతి పేరుకూ రెండు రూపాలు రాయండి: పలికినట్టు ఒకటి, మామూలుగా రాసే రూపం ఒకటి. "చెర్లోపొలం" అన్నారంటే అలాగే రాసి, పక్కన "చెరువులో పొలం" అనండి. ల, ళ దగ్గర, న, ణ దగ్గర చెవి పెట్టి వినండి. ఊరి మాటను పత్రిక భాషలోకి మార్చకండి. కోస్తాలో డొంక అన్నదాన్ని గోదావరి వైపు పుంత అంటారు, తెలంగాణలో బాట అంటారు. వంక, వాగు, ఒర్రె ఒకటి కావు. అక్కడ ఏదంటే అదే రాయండి.

సంస్కృతీకరణ మరీ ప్రమాదం. ఓరుగల్లు ఏకశిలానగరం అయినా పాత పేరు బతికి ఉంది కాబట్టి సరిపోయింది. మీ ఊరి చిన్న గుట్టకు ఆ అదృష్టం ఉండదు, మీరు మార్చి రాసిందే రేపటికి మిగులుతుంది. బూతుమాట ఉన్నా, కులం పేరు ఉన్నా మీ పుస్తకంలో ఉన్నదున్నట్టు రాయండి. బయట పెట్టే ప్రతిలో ఎలా ఉంచాలన్నది ఆ మాట ఎవరికి తగులుతుందో వాళ్ళను అడిగి తేల్చుకోండి.

ఒక్కో పేరుకు ఒక్కో పేజీ. ఇలా:

*సంఖ్య:* 47
*పలికినట్టు:* జమ్ముచేను
*కాగితాల్లో:* పేరు లేదు
*ఇప్పుడు:* మెట్ట, పత్తి
*హద్దులు:* తూర్పు పాతకట్ట, పడమర వాగు, ఉత్తరం బాట, దక్షిణం వేరే రైతు చేను
*సర్వే నంబరు, జీపీఎస్:* …
*చెప్పినవారు:* స్త్రీ, సుమారు 75 ఏళ్ళు, కూలిపని, పుట్టిల్లు ఈ ఊరే
*చెప్పింది:* "మా అమ్మ రోజుల్లో ఇక్కడ చాపలకి జమ్ము కోసేవాళ్ళు"
*చూసింది:* వంపు కట్ట, రాతి కట్టుబడి 2 వరసలు, తూము రాయి
*నేననుకున్నది:* పూడిపోయిన కుంట కావచ్చు
*తేదీ:* …

చెప్పింది, చూసింది, అనుకున్నది. ఈ మూడూ ఎప్పుడూ వేర్వేరు వరసల్లో ఉండాలి. కలిపి రాస్తే రేపు చదివేవారికి ఏది ఎవరి మాటో తెలియదు. "పుట్టిల్లు" ఎందుకంటే, వేరే ఊరినుంచి కోడలిగా వచ్చినావిడ తన ఊరి మాట వాడుతుండవచ్చు.

5. చోటును పట్టుకోండి

చేను మధ్యలో నిలబడి, ఫోను రెండు నిమిషాలు కుదురుకున్నాక పిన్ను పెట్టండి. చెట్టు కింద, కొండ వారన తప్పు చూపిస్తుంది. దశాంశం తర్వాత 5 అంకెలు ఉంచండి. అయిదో అంకె సుమారు ఒక మీటరు. తెలుగు రాష్ట్రాల్లో అక్షాంశం 12కూ 20కూ మధ్య, రేఖాంశం 76కూ 85కూ మధ్య ఉంటుంది. మీ అంకెలు దాటిపోతే రెండూ తారుమారు చేసి రాశారన్నమాట. రోజూ జరిగే తప్పే ఇది.

ఫోను ఒక్కదాన్నే నమ్ముకోకండి. హద్దులు మాటల్లో కూడా రాయండి. కానీ "వేపచెట్టు పక్కన" అని రాయకండి. చెట్టు ఉండదు. సర్వే రాయి, మూడు ఊళ్ళ పొలిమేర కలిసే రాయి, వంతెన, చెరువు అలుగు వంటివి కాస్త నిలుస్తాయి.

6. ఆనవాళ్ళను గుర్తుపట్టండి, ముట్టుకోకండి

*పాటిదిబ్బ.* పాటి అంటే పాత ఊరు ఉన్న చోటు. బూడిదరంగు మెత్తటి మట్టి, నిండా పెంకులు. పాటిమన్ను ఎరువుగా బాగుంటుందని బండ్లకొద్దీ తోలుకుపోయేవారు, ఇప్పుడు జేసీబీలతో తోలుతున్నారు. దిబ్బ ఎంత మిగిలిందో టేపుతో కొలవండి. మట్టి తీసిన చోట గోడలా నిలిచిన పక్కభాగాన్ని ఫోటో తీయండి. ఇటుక వరసలు, బూడిద పొరలు అందులో కనబడతాయి.

*పెంకులు.* లోపల నల్లగా, బయట కింది భాగం ఎర్రగా నునుపుగా ఉన్న పెంకులుంటే ఆ చోటును ప్రత్యేకంగా గుర్తుపెట్టండి. అవి ఇనుప యుగం నాటివి కావచ్చు. ఏరి సంచిలో వేసుకోవద్దు. ఎక్కడ ఏది ఉందన్నదే అక్కడి సమాచారం. మీ ఇంటి షెల్ఫులో అది ఉత్త పెంకు.

*ఇటుకలు.* పొడవు, వెడల్పు, మందం మూడూ కొలవండి. ఇప్పటి ఇటుక 9 అంగుళాలు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటివి 20 అంగుళాల పొడవున ఉన్నాయి. పెద్ద ఇటుక కనబడగానే శాతవాహనులని రాసేయకండి. కొలత రాయండి, చాలు.

*ఇనుప చిట్టెం.* నల్లగా, బుడగలు బుడగలుగా, చూపుకు మించిన బరువుతో ఉండే రాళ్ళు. ఇనుము కరిగించిన పాత కొలుముల జాడ.

*బూడిద దిబ్బలు.* పాలమూరు, కర్నూలు, అనంతపురం వైపు. పాలమూరు ప్రాంతపు ఊట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ తవ్వి చూస్తే అది కొత్త రాతియుగపు పశువుల దొడ్డి, పేడ కాలి పేరుకున్న బూడిద అని తేలింది. రాక్షసుల్ని కాల్చిన చోటు అంటూ కథ చెప్తే ఆ కథ కూడా "చెప్పింది" వరసలో రాయండి.

*వీరగల్లులు.* పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళు. కత్తి పట్టిన మనిషి, గుర్రం, పక్కన భార్య. చాలా ఊళ్ళలో ఇవి పోతురాజులుగానో, వేరే దేవుళ్ళుగానో పూజలందుకుంటున్నాయి. చెప్పులు విడిచి వెళ్ళండి. బొట్టూ పసుపూ తుడవకండి. "ఇది దేవుడు కాదు, వీరుడు" అని అక్కడ పాఠం చెప్పకండి.

*శాసనాలు.* రాతబండ, అక్షరాల రాయి అంటారు. పైన సూర్యుడూ చంద్రుడూ చెక్కి ఉన్న నిలువురాయి ఏది కనబడినా నాలుగు పక్కలా చూడండి. ఆ దానం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం, నిలవాలని చెక్కిన గుర్తులవి. గుడి వెనక, చెరువు తూము దగ్గర, రేవులో చాకిరాయిగా, ఇంటి మెట్టుగా ఎక్కడైనా ఉండొచ్చు.

శాసనం ఫోటో తీయడమే ఎక్కువమందికి కుదరనిది. మిట్టమధ్యాహ్నం ఎదురుగా నిలబడి తీస్తే రాయి ఉత్త రాయిలాగే వస్తుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్ళండి, వెలుగు పక్కనుంచి వాలుగా పడాలి. ఇంకా మంచిది చీకటి పడ్డాక. ఫోను రాయికి సూటిగా ఒకరు పట్టుకోండి, టార్చిలైటు ఇంకొకరు రాతికి ఆనించినంత దగ్గరగా ఎడమపక్కనుంచి వేయండి. అక్షరాల గాట్లలో నీడ నిలిచి, పగలు లేని వరసలు ఒక్కసారిగా లేచి వస్తాయి. తర్వాత కుడినుంచి, పైనుంచి వేసి మళ్ళీ తీయండి. మొదట రాయి మొత్తం, తర్వాత నాలుగేసి వరసల చొప్పున, ముందు ఫోటోలోని చివరి వరస తర్వాతి దాంట్లో మళ్ళీ వచ్చేలా. ప్రతి ఫోటోలో స్కేలు ఉండాలి. ఫ్లాషు ఆపేయండి.

సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం, నూనె రాయడం, సున్నం పూయడం, ఇనుప బ్రష్షుతో రుద్దడం ఏదీ చేయకండి. దిద్దారంటే మీరు చదవగలిగిన తప్పుడు అక్షరమే ఫోటోలో మిగులుతుంది. దుమ్ము ఉంటే మెత్తటి గుడ్డతో తుడవండి, అంతే. కాగితం, సిరాతో నకలు తీయడం తెలిసినవాళ్ళ పని. రాష్ట్ర పురావస్తు శాఖకు, మైసూరులో ఉన్న భారత పురావస్తు సర్వే శాసన విభాగానికి ఫోటోలు పంపండి.

7. చట్టం, జాగ్రత్తలు

తవ్వకండి. ఒక్క అడుగు కూడా. మట్టిలో దాగి ఉన్న సొమ్ము 10 రూపాయల విలువ దాటి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. అది ఇప్పటికీ అమల్లో ఉంది. నాణెం దొరికిందని ఎవరైనా చూపిస్తే ఫోటో, బరువు, దొరికిన చోటు రాసుకుని ఈ సంగతి వాళ్ళకు చెప్పండి.

గుప్తనిధుల వేటగాళ్ళ సంగతి మరవకండి. పాత గుడి, రాకాసి గుడి, ఒంటరిగా ఉన్న విగ్రహం వీటి కచ్చితమైన జీపీఎస్ అంకెలు ఎవరికీ కనబడేలా పెట్టొద్దు. ఊరి పేరు వరకు చెప్పండి, అంకెలు పుస్తకంలో ఉంచుకుని పురావస్తు శాఖకు ఇవ్వండి. రాత్రి టార్చితో రాయి దగ్గర ఉంటే ఊళ్ళో ముందే చెప్పండి. మిమ్మల్నే వేటగాళ్ళనుకుని చుట్టుముట్టే ప్రమాదం ఉంది.

పట్టా పొలంలోకి రైతునడిగి వెళ్ళండి. కంపకప్పిన పాడుబావుల దగ్గర కర్రతో నేల తట్టి చూసుకుంటూ నడవండి.

8. సరిచూసుకోండి

ప్రతి పేరునూ ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురి దగ్గర వినాలి. ఒకే ఇంటి ముగ్గురు ఒక్కరితో సమానం. ఇద్దరే చెప్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి, తీసేయకండి.

తర్వాత తిరగేసి అడగండి. "జమ్ముచేను ఎక్కడ?" అంటే కొత్త మనిషి మిమ్మల్ని అదే చోటికి తీసుకెళ్ళాలి. వేరే చోటికి తీసుకెళ్తే రెండు చోట్లకూ ఆ పేరు ఉందన్నమాట, లేదా ఆ పేరు కాలక్రమంలో ఒక చోటినుంచి ఇంకో చోటికి జరిగిందన్నమాట. రెండూ రాయండి.

మీ నక్షా మీద పేర్లన్నీ పెన్సిలుతో గుర్తించి దూరంగా పెట్టి చూడండి. ఒక వైపు పేర్లు కిక్కిరిసి ఇంకో వైపు ఖాళీగా ఉంటే అటు ఎవరూ లేరని కాదు, అటువైపు పొలాల్లో పనిచేసేవాళ్ళను మీరు అడగలేదని. వెళ్ళి అడగండి.

నెల రోజులాగి రికార్డింగులన్నీ పుస్తకం పక్కన పెట్టుకుని మళ్ళీ వినండి.

9. దాచండి, తిరిగి ఇవ్వండి

ఫోటోల పేర్లలో మీ పేజీ సంఖ్య ఉండాలి: 47-1, 47-2. ఫోను పెట్టిన పొడుగాటి అంకెలతో వదిలేస్తే ఆరు నెలలకు మీకే తెలియదు ఏది ఎక్కడిదో. మూడు ప్రతులు చేయండి: ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువు దగ్గర, ఒకటి, పాత గుళ్ళ, విగ్రహాల జీపీఎస్ అంకెలు తీసేసి, కాగితం మీద అచ్చువేసి ఊరి బడిలో.

బడికి ఇచ్చే ముందు ఒక సాయంత్రం పెద్ద నక్షాను రచ్చబండ దగ్గర పరిచి కూర్చోండి. చదువు రానివాళ్ళకు పేర్లు పైకి చదివి వినిపించండి. "అది అక్కడ కాదు, ఇంకా ఇవతల" అనేవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా వస్తారు. పెన్సిలు వాళ్ళ చేతికివ్వండి.